చేత్తో చూస్తే తెలుస్తుందా?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆడవాళ్ళు పక్కింటామెను పిలిచి తీయించుకుంటారు. పన్ను నొప్పి పుడితే ఇంటిల్లిపాదికీ చెబుతారు. రొమ్ములో గడ్డ చేతికి తగిలితే మాత్రం ఎవరికీ చెప్పరు. మొగుడికి చెప్పరు. అత్తకు చెప్పరు. కన్నతల్లికి కూడా చెప్పరు. నొప్పి లేదు గదా, అదే పోతుందిలే అనుకుంటారు. వరికోతలు అయ్యాక చూద్దామనుకుంటారు. కోతలు అవుతాయి. పత్తి ఏరే పని వస్తుంది. తరవాత పిల్ల పెళ్ళి వస్తుంది. ఈ లోపల గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

అన్ని గడ్డలూ క్యాన్సర్ కాదు. ఈ మాట ముందే తెలుసుకోవాలి. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణానికి ముప్పు లేనివే. కాని ఏది మంచి గడ్డో, ఏది చెడ్డ గడ్డో ఇంట్లో కూర్చుంటే తెలియదు.

2022లో మన దేశంలో లక్షా తొంభై వేల మందికి పైగా ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ కొత్తగా వచ్చిందని అంచనా. ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 98 వేల మంది దానితో చనిపోయారు. ఇంతమంది ఎందుకు చనిపోతున్నారు? జబ్బుకు మందు లేక కాదు. చాలామంది ఆలస్యంగా ఆసుపత్రికి రావడం ఇందుకు ఒక పెద్ద కారణం.

ఇది ఏం జబ్బు?

ఇల్లు ఇటుకలతో కడతారు. మన ఒళ్ళు కణాలతో తయారైంది. కణం కంటికి కనిపించదు. పాత కణాలు చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. ఎన్ని కావాలో అన్నే పుడతాయి. ఎప్పుడైనా ఒక చోట ఈ అదుపు తప్పుతుంది. అక్కడ కణాలు అవసరం లేకపోయినా పెరుగుతూ పోతాయి. గడ్డ కడతాయి. ఆ గడ్డ ఉన్న చోట ఉండదు. చేలో గరిక పాకినట్టు పాకుతుంది. ముందు చంకలోకి, తరవాత ఎముకల్లోకి, ఊపిరితిత్తుల్లోకి, కాలేయంలోకి పోతుంది. దీన్నే క్యాన్సర్ అంటారు. పాతకాలం వాళ్ళు రాచపుండు అనేవాళ్ళు.

ఇది అంటుజబ్బు కాదు. పాలిచ్చినా, ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా అంటదు. ఎవరి దిష్టీ కాదు, ఎవరి పాపమూ కాదు.

డాక్టర్లు ఈ జబ్బును నాలుగు దశలుగా చెబుతారు. ఒకటో దశలో గడ్డ చిన్నది. నాలుగో దశ అంటే ఒంట్లో దూరంగా పాకిపోయింది. ఒకటి రెండు దశల్లో వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది బతుకుతారు. మూడో దశలో వైద్యం కష్టం. నాలుగో దశలో జబ్బును పూర్తిగా నయం చేయడం చాలా అరుదు. కాబట్టి గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. ఎట్లా?

యంత్రం లేని చోట

పెద్ద దేశాల్లో దీనికి ఒక యంత్రం వాడతారు. దాని పేరు మామోగ్రఫీ. రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి ఎక్స్‌రే తీస్తుంది. చేతికి అందనంత చిన్న గడ్డను కూడా చూపిస్తుంది. కాని యంత్రం ఖరీదు ఎక్కువ. ఫోటో చూసి చెప్పగల డాక్టరు కావాలి. కరెంటు కావాలి. మన దేశంలో ప్రతి ఆడమనిషికీ ఏడాదికో రెండేళ్ళకో ఈ పరీక్ష చేయించడం కుదిరే పని కాదు.

మరి యంత్రం లేకుండా, నేర్చుకున్న చేతులతో తడిమి చూస్తే చాలదా? వినడానికి ఇది చిన్న ప్రశ్న. జవాబు చెప్పడానికి శాస్త్రవేత్తలకు చాలా ఏళ్ళు పట్టింది.

కెనడా దేశంలో 1980లో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. అందులో 50 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు యంత్రం పరీక్ష, చేతి పరీక్ష రెండూ చేశారు. రెండో గుంపుకు చేతి పరీక్ష మాత్రమే చేశారు. ఏళ్ళ తరబడి చూశాక, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన వాళ్ళ సంఖ్యలో రెండు గుంపులకూ తేడా కనబడలేదు. ఈ ఫలితాన్ని ఒప్పుకోని డాక్టర్లు ఉన్నారు. వాదనలు జరుగుతూనే ఉన్నాయి. అయినా దాని వల్ల చేతి పరీక్ష మీద కొందరికి నమ్మకం కలిగింది.

గుంపులు ఎందుకు చేయాలి? పరీక్ష చేసి, బతికిన వాళ్ళను లెక్కపెడితే చాలదా? చాలదు. ఒక రైతు కొత్త ఎరువు వేశాడు. పంట బాగా పండింది. అది ఎరువు వల్లనా, ఆ ఏడు వానలు బాగా పడడం వల్లనా? తెలియాలంటే అదే పొలంలో సగానికి ఎరువు వేసి, సగానికి వేయకుండా వదలాలి. అప్పుడు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఇట్లా పక్కపక్కన పెట్టి చూసిన తొలి మనిషి ఒక ఆడ డాక్టరే. ఇంగ్లండులో జానెట్ లేన్-క్లేపన్ 1926లో, జబ్బు ఉన్న 500 మందినీ లేని 500 మందినీ పోల్చి చూసింది. ఎంతమంది పిల్లలు, పాలిచ్చారా లేదా అని వివరాలు అడిగి రాయించింది. పాలివ్వడం వల్ల ఈ జబ్బు కొంత తగ్గుతుందని ఈనాడు రుజువైంది. ఆ దారి వేసిన వాళ్ళలో ఆమె ముందుంది.

షాంఘై మిల్లుల్లో

ఎవరి రొమ్ము వాళ్ళే చూసుకుంటే? ఈ ప్రశ్నకు జవాబు చైనాలో దొరికింది.

షాంఘై నగరంలో బట్టల మిల్లులు చాలా ఉండేవి. వాటిలో పనిచేసే 2,66,064 మంది ఆడవాళ్ళు పరిశోధనలో చేరారు. 1989 నుంచి 1991 దాకా వాళ్ళను చేర్చుకున్నారు. సగం మందికి సొంతంగా రొమ్ము చూసుకోవడం నేర్పారు. బొమ్మ రొమ్ముల మీద గడ్డలు వెతికించారు. మళ్ళీ మళ్ళీ గుర్తు చేశారు. మిగతా సగం మందికి ఆ పాఠం చెప్పలేదు. నడుం నొప్పి రాకుండా ఎట్లా ఉండాలో చెప్పారు.

2002లో ఫలితం బయటికి వచ్చింది. నేర్చుకున్న వాళ్ళలో 135 మంది రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. నేర్చుకోని వాళ్ళలో 131 మంది చనిపోయారు. అంటే తేడా లేదు. పైగా నేర్చుకున్న వాళ్ళకు మామూలు గడ్డలు ఎక్కువ దొరికాయి. వాటి కోసం పరీక్షలు, కోతలు అనవసరంగా జరిగాయి.

ఇది చాలామందికి నచ్చని జవాబు. ఎన్నో చోట్ల గోడల మీద, పుస్తకాల్లో, నెలకోసారి అద్దం ముందు నిలబడి చూసుకోమని రాశారు. కాని శాస్త్రం నచ్చిందీ నచ్చనిదీ చూడదు. లెక్క ఏం చెబితే అదే రాస్తుంది. తన ఒంట్లో మార్పు కనిపిస్తే పట్టించుకోవాలి, అది వేరే సంగతి. నెలనెలా వెతుక్కోవడం నేర్పినంత మాత్రాన చావులు తగ్గలేదు.

ముంబై బస్తీల్లో ఇరవై ఏళ్ళు

పాలమూరు నుంచి కూలి పనికి, కరీంనగర్ నుంచి మగ్గం పనికి ఎన్నో కుటుంబాలు బొంబాయి వలస వెళ్ళాయి. ఇప్పుడు ఆ ఊరి పేరు ముంబై. అక్కడ పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి ఉంది. 1941 నుంచి క్యాన్సర్‌కు వైద్యం చేస్తున్నది. ఆ ఆసుపత్రి డాక్టర్లు 1998లో ఒక పని మొదలుపెట్టారు. డాక్టర్ ఇంద్రనీల్ మిత్రా దానికి ముందు నిలిచారు.

వాళ్ళు ముంబైలో పేదలుండే 20 బస్తీలను తీసుకున్నారు. 35 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉన్న 1,51,538 మంది ఆడవాళ్ళు అందులో ఉన్నారు. చీటీలు వేసినట్టు బస్తీలను రెండు భాగాలు చేశారు. 10 బస్తీల్లో రెండేళ్ళకు ఒకసారి చేతి పరీక్ష చేశారు. అట్లా నాలుగు సార్లు చేశారు. ప్రతిసారీ జబ్బు గురించి చెప్పారు కూడా. మిగతా 10 బస్తీల్లో ఒక్కసారి జబ్బు గురించి చెప్పి, చేతి పరీక్ష చేయకుండా గమనించారు.

పరీక్ష చేసింది ఎవరు? డాక్టర్లు కాదు, నర్సులు కూడా కాదు. పదో తరగతి దాకా చదివిన మామూలు ఆడవాళ్ళు. వాళ్ళకు కొన్ని వారాలు శిక్షణ ఇచ్చారు. రొమ్మును ఎట్లా తడమాలి, ఎంత ఒత్తాలి, చంకలో ఎట్లా చూడాలి, అన్నీ నేర్పారు. అనుమానం వచ్చిన వాళ్ళను ఆసుపత్రికి పంపడం వాళ్ళ పని. మగ డాక్టరు ముందు రవిక విప్పమంటే వెనక్కి తిరిగి వెళ్ళిపోయే ఆడవాళ్ళు ఎంతమందో ఉంటారు. తన బస్తీ లాంటి బస్తీ నుంచి వచ్చిన ఆడమనిషి చేయి అయితే ఆ భయం కొంత తగ్గుతుంది.

పరీక్షలు అయ్యాక కూడా వదిలిపెట్టలేదు. రెండేళ్ళకోసారి వెళ్ళి ఎవరికి జబ్బు వచ్చింది, ఎవరు బతికున్నారు అని రాసుకున్నారు. అట్లా మొత్తం ఇరవై ఏళ్ళు. బస్తీ ఇళ్ళు కూలుతాయి, మనుషులు ఊళ్ళు మారతారు. అయినా లెక్క తప్పకుండా చూడడం సామాన్యమైన పని కాదు. 2021లో ఫలితం అచ్చయింది.

లెక్క వేసి చూడండి

పలకో కాగితమో తీసుకోండి. పరీక్ష చేయని బస్తీల్లో క్యాన్సర్ వచ్చిన ప్రతి 100 మందిలో 47 మందికి జబ్బు మూడో దశలోనో నాలుగో దశలోనో బయటపడింది. పరీక్ష చేసిన బస్తీల్లో 100 మందిలో 37 మందికి అట్లా జరిగింది. 47లోంచి 37 తీసేస్తే ఎంత? 10. అంటే నూటికి పదిమందికి జబ్బు ముదరకముందే తెలిసింది.

ఇది మంచి సంగతే. కాని జబ్బు ముందే తెలియడం వేరు, ప్రాణం దక్కడం వేరు. చావుల లెక్క కూడా చూడాలి.

50 ఏళ్ళు, ఆ పైన ఉన్న ఆడవాళ్ళలో ఇట్లా తేలింది. పరీక్ష చేయని బస్తీల్లో లక్ష మందిలో ఏడాదికి సుమారు 35 మంది రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. పరీక్ష చేసిన బస్తీల్లో లక్షకు సుమారు 25 మంది. నూటికి దాదాపు 30 వంతున చావులు తగ్గాయి.

50 ఏళ్ళ లోపు వాళ్ళలో మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. అన్ని వయసుల వాళ్ళనూ కలిపి చూస్తే నూటికి 15 వంతున తగ్గినట్టు కనిపించింది. కాని డాక్టర్లు దాన్ని రుజువు కింద తీసుకోలేదు. ఎందుకు?

గవ్వలాట ఆడేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఒకామెకు వరసగా రెండుసార్లు మంచి పందెం పడుతుంది. అంతమాత్రాన ఆమె గవ్వల్లో మహిమ ఉందని ఎవరూ అనరు. ఊరికే అట్లా పడింది అంటారు. రోజంతా ఆమెకే పడితే అప్పుడు గవ్వలు తిప్పి చూస్తారు. 15 వంతుల తేడా ఊరికే పడినా పడి ఉండొచ్చు. 50 దాటిన వాళ్ళలో కనిపించిన 30 వంతుల తేడా అట్లా ఊరికే పడే అవకాశం తక్కువ.

వయసులో ఉన్న వాళ్ళ రొమ్ము గట్టిగా, ముద్దలు ముద్దలుగా ఉంటుంది. అందులో గడ్డను వేరు చేసి పట్టుకోవడం కష్టం. తేడా రాకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. అయితే ఇక్కడ పొరపాటు పడకూడదు. ఏ ఇబ్బందీ లేని ముప్ఫై ఏళ్ళామెకు పరీక్ష చేయడం ఒకటి. గడ్డ తగిలిన ముప్ఫై ఏళ్ళామె ఆసుపత్రికి వెళ్ళడం ఇంకొకటి. మన దేశంలో 50 ఏళ్ళ లోపే ఈ జబ్బు వచ్చే వాళ్ళు చాలామంది. గడ్డ తగిలితే ఏ వయసులోనైనా వెళ్ళాల్సిందే.

తమ వయసు ఎంతో చాలామందికి తెలియదు. ఆధార్ కార్డు మీద పుట్టిన ఏడాది ఉంటుంది. చదివి చూసుకోండి. ఈ ఏడాదిలోంచి అది తీసేస్తే వయసు వస్తుంది. కార్డులో తప్పు రాసి ఉండొచ్చు. అప్పుడు పెద్ద బిడ్డ వయసును బట్టి లెక్క కట్టుకోవచ్చు.

ఒక ప్రశ్న మిగిలి ఉంది. పరీక్ష చేయని బస్తీల ఆడవాళ్ళ మాటేమిటి? వాళ్ళ ప్రాణాలు ప్రాణాలు కావా? ఈ మాట పరిశోధన మీద విమర్శగా వచ్చింది. చేతి పరీక్షతో మేలు జరుగుతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదన్నది ఒక జవాబు. ఆ జవాబుతో అందరికీ తృప్తి కలగలేదు. ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు. ఏ పరిశోధనలోనైనా చేరే ముందు, నాకు ఏం చేస్తారు, ఏం చేయరు అని అడిగే హక్కు ప్రతి ఆడమనిషికీ ఉంది. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయనక్కరలేదు, సంతకమూ పెట్టనక్కరలేదు.

ఇక్కడ ఏం జరుగుతున్నది?

2016లో కేంద్ర ప్రభుత్వం ఒక పద్ధతి చెప్పింది. 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళందరికీ ఐదేళ్ళకు ఒకసారి రొమ్ము పరీక్ష చేయాలని. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో చేయాలని. ముంబైలో రెండేళ్ళకు ఒకసారి చేశారు. ఇక్కడ ఐదేళ్ళకు ఒకసారి అన్నారు. రెండూ ఒకటి కాదు. ఐదేళ్ళలో గడ్డ చాలా పెరుగుతుంది.

ఆ ఐదేళ్ళ పరీక్ష అయినా అందిందా? 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను, ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నారా అని అడిగారు. అవును అన్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. వెయ్యికి 9 మంది.

కాబట్టి ఎవరో ఇంటికి వచ్చి పిలిచేదాకా ఆగితే కుదరదు. ఉపకేంద్రానికి వెళ్ళి ఏఎన్ఎం అమ్మను అడగొచ్చు. "రొమ్ము పరీక్ష చేస్తారా? మీరు నేర్చుకున్నారా?" అని అడగడంలో తప్పేమీ లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే సిగ్గు తగ్గుతుంది.

పరీక్ష ఎట్లా ఉంటుంది? తలుపు వేసో, తెర కట్టో చేస్తారు. ముందు కూర్చోబెట్టి చూస్తారు. చేతులు పైకెత్తమంటారు. తరవాత పడుకోబెట్టి, మూడు వేళ్ళ మెత్తని భాగంతో గుండ్రంగా తడుముతారు. ముందు మెల్లగా, తరవాత కొంచెం లోతుగా. చంకలో కూడా చూస్తారు. నొప్పి ఉండదు. కొద్ది నిమిషాల పని. ముట్టు అయిన వారం తరవాత వెళితే మంచిది. అప్పుడు రొమ్ము మెత్తగా ఉంటుంది. ముట్లుడిగిన వాళ్ళు ఎప్పుడైనా వెళ్ళొచ్చు.

పరీక్ష రోజు కోసం ఆగకుండా వెంటనే వెళ్ళాల్సినవి కొన్ని ఉన్నాయి. రొమ్ములోగాని చంకలోగాని గడ్డ. నొప్పి లేని గడ్డ కూడా. చనుమొన లోపలికి పోవడం. చనుమొన నుంచి రక్తం కారడం. చర్మం సొట్ట పడడం, బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా అవడం. చనుమొన మీద మానని పుండు.

గడ్డ ఉందని తేలితే

పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడ స్కానింగో మామోగ్రఫీయో తీస్తారు. తరవాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఈ ముక్క పరీక్ష దగ్గరే చాలామంది లేచి వచ్చేస్తారు. సూది పెడితే జబ్బు రేగి ఒళ్ళంతా పాకుతుందని ఊళ్ళో అంటారు. అది నిజం కాదు. ముక్క పరీక్ష లేకుండా అది ఏ గడ్డో ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు.

క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ చేస్తారు. మందు ఎక్కిస్తారు. కొందరికి రేడియేషన్ ఇస్తారు, దాన్నే జనం కరెంటు పెట్టడం అంటారు. గడ్డ చిన్నదైతే చాలామందికి రొమ్ము మొత్తం తీయనక్కరలేదు, గడ్డ వరకే తీయొచ్చు. మందు ఎక్కించినప్పుడు జుట్టు ఊడుతుంది. వైద్యం అయ్యాక మళ్ళీ వస్తుంది. నాటు పసర్లు పూస్తూ నెలలు గడిపితే, చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్ద ఆపరేషన్ అవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యం ఉంది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రే. వెళ్ళేటప్పుడు ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాత పరీక్షల కాగితాలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోవాలి. ముక్క పరీక్ష కాగితం పోతే పరీక్ష మళ్ళీ చేయించాల్సి రావచ్చు.

ఆసుపత్రి చీటీ చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది. దాని వెనక వైపు తెలుగులో మూడు మాటలు రాయించుకోవాలి. గడ్డ కుడి రొమ్ములోనా, ఎడమ రొమ్ములోనా? ఇప్పుడు ఏ పరీక్షకు వెళ్ళాలి? మళ్ళీ ఏ తేదీన రావాలి? రాయమని నర్సమ్మను అడగండి. రాశాక అక్కడే నిలబడి, పైకి చదివి, "ఇంతేగా అమ్మా?" అని అడిగి, అప్పుడు బయలుదేరండి.